మడమ నెంబరు

కుడికాలు నీళ్లతొట్టిలో పెట్టమంది డాక్టరమ్మ. పెట్టాను.

తొట్టి చిన్నదే. గంజి వార్చుకునే గిన్నెంత. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మడమకి అటొక బిళ్ల, ఇటొక బిళ్ల. ఒక బిళ్లలో పుట్టిన శబ్దం మడమ ఎముకలో దూరి అవతలి బిళ్లకి చేరాలి. అది మన చెవికి వినపడే శబ్దం కాదు. ఎముకలో సున్నం నిండుగా ఉంటే ఒక్క దూకున పోతుంది. గుల్లగా ఉంటే ఆలస్యంగా చేరుతుంది. దాన్నిబట్టి మిషను ఒక నెంబరు వేస్తుంది. పక్కన లైటు. పచ్చ అయితే గట్టి. ఎరుపు అయితే ముసలితనం.

"ఒల్లంతా ఒగ్గీసి మడమెందుకమ్మా?" అన్నాడు నా వెనక నిలబడ్డ తవుడు. వాడు నా కొడుకు. నా బదులు మాట్లాడటం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"మడమ మీద కండ తక్కువ. శబ్దం తేలిగ్గా దూరుతుంది. పైగా మడమ ఎముక లోపల కూడా వెన్నుపూసలాగే జల్లెడ కట్టినట్టు ఉంటుంది. మడమ చూస్తే వెన్ను చూసినట్టే," అంది డాక్టరమ్మ. ఆమె పేరు వారిజ. చిన్న వయసు. కళ్లద్దాలు మాటిమాటికీ ముక్కు మీదికి తోసుకుంటుంది.

నాకు పసుపులైటు వెలిగింది. ఆమె మిషను కట్టేసి మళ్లీ పెట్టింది. మళ్లీ పసుపే.

"మీ వయసు వాళ్లందరికీ ఇక్కడ ఎరుపే వస్తోంది తాతా. మీకెలా వచ్చింది? ఏం చేస్తుంటారు?"

"గెంతుతానమ్మా," అన్నాను.

తవుడు నవ్వి, మిగతాది వాడే చెప్పాడు. మేం గొర్రెలు కాసుకునేవాళ్లం. గంగమ్మ పండక్కి తప్పెటగుళ్లు ఆడతాం. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, వాయిస్తూ, పాడుతూ, మడమలతో నేలని కొడుతూ తిరుగుతాం. చివర్లో గోపురం కడతాం. కింద ఐదుగురు, వాళ్ల భుజాల మీద ముగ్గురు, ఆ పైన ఒకడు. కింద నడిమధ్య నిలబడేవాణ్ణి అడుగు మనిషి అంటాం. బరువంతా వాడి నడుం మీదే. పైన నిలబడేది తవుడు. వాడు సన్నంగా, తేలిగ్గా ఉంటాడు. ముగ్గురు పిల్లలు పోయాక పుట్టాడని, బతకాలని, ఆ పేరు పెట్టాం.

డాక్టరమ్మ అంతా విని లోపలికి పరిగెత్తింది. పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన శేషగిరిగారు. మూతపడ్డ గోనెసంచుల మిల్లుని ఎముకల పరిశోధనశాలగా మార్చింది ఆయనే. నా మడమని చేత్తో పట్టుకుని, బజార్లో బెండకాయ చూసినట్టు చూశాడు.

"నీ దెబ్బ మాక్కావాలి, గంగులూ," అన్నాడు.

ఇనపరేకు మీద నన్ను మధ్యాహ్నమంతా గెంతించారు. రేకు కింద వైర్లు. నా మడమ దెబ్బ ఎంత బలంగా పడుతుంది, ఎంతసేపు ఆగి మళ్లీ పడుతుంది, అంతా మిషన్లోకి ఎక్కించుకున్నారు. కొన్నాళ్లకి పీటంత ప్లేటు ఒకటి తయారు చేశారు. దాని మీద ఊరికే నిలబడితే చాలు. కింద నుంచి నా దెబ్బే మడమల్లోకి కొడుతుంది. గెంతక్కర్లేదు. మడమ మాత్రం, ఈ మనిషి గెంతుతున్నాడు, బరువు పడుతోంది అనుకుని, సున్నం పోగేసుకుంటుంది. మంచం పట్టిన ముసలివాళ్లని కూడా ఇద్దరు పట్టుకుని నిలబెడితే చాలు, ఎముకలు గట్టిపడతాయి. అదీ వాళ్ల ఆలోచన.

మొదట ఎక్కింది నేనే. తర్వాత మా ఊరి ముసలివాళ్లంతా ఎక్కారు. దిగాక అందరికీ పాలు, రాగి అంబలి ఇచ్చేవారు. ఎముకకి కావలసిన సున్నం అందులోంచి వస్తుందని చెప్పారు.

మా ఆవిడ గవరమ్మ ఎక్కలేదు. "నా కాల్లకి నేల సాల్దా?" అంది. అంబలి మాత్రం తాగి వచ్చింది.

నేనెందుకు ఎక్కానో చెప్పాలి. రెండేళ్ల కిందట నన్ను అడుగు నుంచి తప్పించారు. మా జట్టులో ఒక పద్ధతి ఉంది. పండక్కి ముందు అడుగు మనిషి భుజాల మీద నిండు ధాన్యం బస్తా పెడతారు. బస్తా మోస్తూ తప్పెట వాయించాలి. దరువు తప్పితే ఆ ఏడు వాడు అడుగుకి పనికిరాడు. ఆ ఏడు నాకు దరువు తప్పింది. బస్తా దించి, నాకు మంచినీళ్లిచ్చారు. అప్పట్నుంచి నా కొడుకు వేరేవాడి నడుం మీద నిలబడుతున్నాడు. గోపురం కట్టేటప్పుడు నేను పక్కన నిలబడి గంట కొడుతున్నాను.

ప్లేటు ఎక్కిన రెండో నెలకి పసుపు పోయి పచ్చ వచ్చింది. ఆ తర్వాత నెంబరు పెరుగుతూనే పోయింది. ప్లేటు దిగిన ప్రతిసారీ డాక్టరమ్మ అడిగేది, "నొప్పేమైనా ఉందా తాతా?"

"బానే ఉందమ్మా," అనేవాణ్ణి.

నడుం మధ్యలో ఏదో లాగుతున్నట్టు ఉండేది. నడుం నొప్పి లేని ముసలివాడెవడు? అది చెప్పేదా.

*

ఆ వానాకాలం ఒకరోజు మంద దగ్గర నిలబడి ఉన్నాను. గవరమ్మ అన్నం తెచ్చింది. గిన్నె దించకుండా నాకేసే చూస్తోంది.

మా గొర్రెలకాపరుల కర్ర ఎవరిది వాళ్ల పొడుగుకి కోసుకుంటాం. నిలబడి గెడ్డం ఆనించుకునేంత. మంద మేస్తున్నంతసేపూ దాని మీద గెడ్డం పెట్టుకుని చూస్తూ ఉండటమే పని. నా కర్ర పెళ్లైన ఏడు కోసుకున్నది.

"ఏటి మావా, ఆ కర్ర నోటికాడికి ఎట్టుకున్నావు? పాలపీకేటి?"

చూసుకున్నాను. కర్ర చివర నా కింది పెదవికి తగులుతోంది.

"వానకి ఉబ్బింది," అన్నాను.

"వానకి కర్ర లావెక్కుద్ది గానీ పొడుగెక్కుద్దా? నిన్న పంచె కూడా నేల జీరాడింది. బురదంతా నానే ఉతికినాను. నువ్వేటో కుంగిపోతన్నావు. ఆ మిల్లోల్లకి సెప్పు."

"మిషను పచ్చలైటు ఇచ్చింది."

"మిషనుకేటి తెల్సు? మడమ సూసి మనిసిని సెప్పీసే మిషను నీకు దొరికింది. నాను నలభయ్యేల్లు మొకం సూసి కూడా నువ్వేటో తెల్సుకోనేకపోనాను."

అన్నం తిన్నాను. కర్ర పక్కన పెట్టి తిన్నాను. మిల్లువాళ్లకి చెప్పలేదు.

కానీ డాక్టరమ్మ అనుమానం ఆమెకి ఉంది. రాగి అంబలి తాగినవాళ్ల మూత్రం పరీక్ష చేయించింది. తాగిన సున్నం తాగినట్టే బయటికి పోతోంది. మరి మడమలోకి వస్తున్న సున్నం ఎక్కడిది? ఈ మాట ఆమె శేషగిరిగారిని అడుగుతుంటే నేను తొట్టిలో కాలు పెట్టుకుని కూర్చున్నాను.

"వెన్ను ఫోటోలు తీయిద్దాం సార్. విశాఖలో పెద్ద మిషనుంది."

"మడమ చూస్తే వెన్ను చూసినట్టే అని పాఠం చెప్పింది నువ్వే కదమ్మా!"

"మామూలు మనిషికి సార్. మనం ఒక్క మడమకే దెబ్బ కొడుతున్నాం. ఇప్పుడు మడమ ఒక దారి, వెన్ను ఒక దారి అయిపోయాయేమో."

"వచ్చే వారం కమిటీ వాళ్లు వస్తున్నారు. వాళ్లు సరేనంటే జిల్లా అంతా ప్లేట్లు వెళ్తాయి. పెట్టెలు కట్టేసి ఉన్నాయి. ఇప్పుడా నీకు అనుమానం?" ఆయన నా వైపు తిరిగాడు. "గంగులూ, ఎలా ఉంది నీకు?"

"బానే ఉంది బాబూ," అన్నాను.

"విన్నావా?" అన్నాడు ఆమెతో.

అయినా ఆమె ఊరుకోలేదు. మా ఐదుగురు ముసలివాళ్లని తన సొంత ఖర్చు మీద వ్యాన్లో విశాఖ తీసుకెళ్లి ఫోటోలు తీయించింది. అక్కడ జనం ఎక్కువ. ఫలితం తర్వాత ఇస్తామన్నారు.

*

కమిటీ వాళ్ల ముందు గోపురం కట్టాలన్నారు శేషగిరిగారు. కింద నేను, పైన నా కొడుకు. ప్లేటు ఎక్కిన ముసలివాడు ఏం చేయగలడో కళ్లారా చూస్తే ఇక మాటలక్కర్లేదని ఆయన ఉద్దేశం.

ముందురోజు జట్టంతా మా కళ్లంలో చేరింది. తవుడు ధాన్యం బస్తా భుజాన వేసుకుని వచ్చాడు.

"ఎందుకురా అది?" అన్నాడు జట్టులో ఒకడు. "మీ అయ్యకి మిషను నెంబరు ఇచ్చీసింది గదా. మనందర్లోకీ ఆడి మడమే గట్టి. నిన్న నా కాలు ఎట్టి సూసుకున్నాను. నాకు పసుపు. తాతకి పచ్చ! సిగ్గేసింది."

అందరూ నవ్వారు.

"పద్దతి గదా," అన్నాడు తవుడు. నా కేసి చూశాడు. "అయ్యా, ఒక్కపాలి మోసీ."

మొయ్యాలి. నాకు తెలుసు. బస్తా కేసి చూశాను. పోయినసారి దరువు తప్పిన చోటు ఇంకా చేతులకి గుర్తుంది. మడమతో నేలని ఒక్కటి కొట్టాను. కళ్లం అదిరింది. దుమ్ము లేచింది.

"సాలదా?" అన్నాను.

అందరూ ఓహో అని అరిచారు. తవుడు బస్తా దించేశాడు. వాడు నవ్వలేదు.

*

మిల్లు ఆవరణ అంతా సిమెంటు. దాని మీదే ఆడమన్నారు. కుర్చీల్లో కమిటీ వాళ్లు. గోడవారగా ప్లేట్ల పెట్టెలు, వాటి మీద టార్పాలిను. శేషగిరిగారి చేతిలో మైకు.

ముందు నా మడమ తొట్టిలో పెట్టించి నెంబరు చదివారు. పచ్చలైటు. చప్పట్లు కొట్టారు. తర్వాత గజ్జెలు కట్టుకున్నాం.

తిరుగుడు అయింది. దరువు మార్చాను. మేం ఐదుగురం భుజాలు కలిపి నిలబడ్డాం. ముగ్గురు ఎక్కారు. ఆ బరువు భుజాల మీద నుంచి నడుంలోకి, నడుంలోంచి మడమల్లోకి దిగింది. మడమలు కదల్లేదు. రాతిలా ఉన్నాయి. రెండేళ్ల తర్వాత మళ్లీ అడుగులో ఉన్నాను. నా వీపు మీద నుంచి కాళ్లు పాకుతూ పైకి వెళ్లాయి. అవి తవుడి కాళ్లని తెలుసు. ఆ కాళ్ల బరువు నాకు వాడి చిన్నప్పటి నుంచీ తెలుసు.

పైన వాడి తప్పెట మోగింది. అంటే నిలబడ్డాడు.

అప్పుడు నా నడుంలో ఏదో చిటుక్కుమంది. పుల్ల విరిచినట్టు. బయటికి వినపడలేదు.

గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి డాక్టరమ్మ దూకింది. చేతిలో పెద్ద కవరు. పరిగెత్తుకు వస్తూ, గోపురాన్ని చూసి, ఉన్నచోట ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా, ఒక్కొక్క అడుగే వేస్తూ నా ముందుకొచ్చి నిలబడింది. నన్ను ముట్టుకోలేదు.

"తాతా, కదలకండి," అంది. గొంతు చాలా తగ్గించి మాట్లాడింది. "మీ వెన్ను గుల్లయిపోయింది. ఫోటోలో చెదలు తిన్న కర్రలా ఉంది. మడమకి వచ్చిందంతా అక్కడిదే. మెల్లగా దించండి వాళ్లని. ముందు తవుణ్ణి."

మా గోపురానికి ఒక కట్టుబాటు ఉంది. పైవాడు దిగాకే కిందివాడు కదలాలి. దిగమని చెప్పాల్సింది అడుగు మనిషే. అదీ తప్పెటతోనే. నోటితో చెప్పకూడదు. అడుగు మనిషి నోరు తెరిస్తే బిగబట్టిన ఊపిరి పోతుంది. ఊపిరి పోతే నడుం సడలుతుంది.

దిగుడు దరువు వాయించాను.

పైన తవుడి తప్పెట ఆగలేదు. పైగా వేగం పెంచాడు. వాడికి నేను ఆటపట్టిస్తున్నానని అనిపించింది కాబోలు. కమిటీ వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"ఇంకాసేపు! ఫోటోలు తీస్తున్నారు!" అని మైకులో శేషగిరిగారు. "వారిజా, పక్కకి రామ్మా, ఫోటోకి అడ్డం."

ఆమె పక్కకి రాలేదు. మళ్లీ వాయించాను. రెండో చిటుకు. ఈసారి మోకాళ్ల దాకా మంట పాకింది. నా ఎడమ పక్కవాడు నా భుజం జారడం గమనించాడు. వాడి మొహం తెల్లబోయింది. "తాతా," అన్నాడు పళ్లబిగువున. నాకు కళ్ల ముందు సిమెంటు ఒక్కటే కనిపిస్తోంది. తెల్లగా, ఎండలో మెరుస్తూ. తవుడు పడితే అక్కడే పడతాడు. తలకిందులుగా పడతాడు.

మూడోసారి వాయించడానికి చెయ్యి లేవలేదు.

నోరు తెరిచాను.

"తవుడూ! దిగరా! నా నడుం ఇరిగిపోతంది!"

జట్టులో నా గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. పైన తప్పెట ఠక్కున ఆగిపోయింది. ఊపిరంతా ఆ మాటలతోనే పోయింది. ఇక ఎముకల మీద నిలబడాలి. ఎముకలు లేవు. మడమలు మాత్రం ఉన్నాయి. నేలలో పాతినట్టు అవి ఉన్నాయి. వాటి మీద మిగతా ఒళ్లు ఎలా నిలిచిందో చెప్పలేను. వీపు మీద కాళ్లు జారాయి. ఒకటి, రెండోది. నా పక్కనుంచి నేల మీదకి దూకిన చప్పుడు వినిపించింది. మధ్యవాళ్లు దూకారు. డాక్టరమ్మ రెండు చేతులూ చాచింది.

తర్వాత నేను కూలిపోయాను. పక్కకి పడలేదు. ఉన్నచోటే కుంగాను.

*

లోపల బల్ల మీద పడుకోబెట్టారు. విశాఖ నుంచి అంబులెన్సు రావాలి. తవుడు నా తల దగ్గర నిలబడ్డాడు. గవరమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమె ఏడవలేదు. నా గజ్జెలు విప్పుతోంది.

కమిటీ వాళ్లు లోపలికి వచ్చారు. శేషగిరిగారు తొట్టి తెప్పించి నా మడమ అందులో పెట్టించారు. పచ్చలైటు వెలిగింది.

"చూడండి, ఎముక నిక్షేపంలా ఉంది," అన్నాడు. "పెద్ద వయసు. మోయలేని బరువు మోశాడు. అంతకుమించి ఏం లేదు."

డాక్టరమ్మ కవరులోంచి ఫోటోలు తీసి గోడకి ఆనించి పట్టుకుంది. "ఐదుగురిదీ ఇదే పరిస్థితి సార్. ప్లేటు ఎముకని పెంచట్లేదు. వెన్నులోంచి తీసి మడమలో పోస్తోంది. మనం మడమ ఒక్కటే చూస్తున్నాం కాబట్టి మనకి పెరిగినట్టు కనపడుతోంది."

"ఐదుగురే! ముసలివాళ్ల వెన్నులు ఎక్కడైనా ఇలాగే ఉంటాయి. ప్లేటుకి ముందు తీసిన ఫోటోలున్నాయా నీ దగ్గర?"

లేవు. ముందు మడమలే చూశారు.

కమిటీలో తెల్లజుట్టాయన ఒకరు నా దగ్గరికి వంగారు. "పెద్దాయనా, ప్లేటు ఎక్కినప్పుడు ఎప్పుడైనా నడుం నొప్పి వచ్చిందా? ఇక్కడ రాసినదాంట్లో ఒక్కసారి కూడా లేదే. అడిగిన ప్రతిసారీ బాగానే ఉందన్నారట."

శేషగిరిగారు నా కేసి చూశారు. డాక్టరమ్మ చూడలేదు. ఆమె కిటికీలోంచి టార్పాలిను కప్పిన పెట్టెల కేసి చూస్తోంది.

మళ్లీ బానే ఉందంటే ఆ పెట్టెలు రేపు కదులుతాయి. జిల్లాలో మంచం పట్టినవాళ్లందర్నీ ఇద్దరేసి పట్టుకుని వాటి మీద నిలబెడతారు. కింద నుంచి వాళ్లకి కొట్టేది నా దెబ్బే.

"ఉంది," అన్నాను.

మాట్లాడాలంటే ఊపిరి కావాలి. అది కొద్దికొద్దిగా వస్తోంది.

"మొదటి నెల నుంచీ ఉంది. ప్లేటు మోగినంతసేపూ నడుంలోంచి ఎవరో లాగీసినట్టు ఉండీది. నానే సెప్పనేదు. సెప్తే దింపీస్తారు. మల్లీ అడుగులో నిలబడాలని నాకు. నాతో ప్లేటెక్కిన కొండోడిని కూడా అడగండి, సన్నాసమ్మని అడగండి. ఆల్లూ సెప్పరు. అంబలి మానీస్తారని బయం. గట్టిగా అడగండి. వొంగోబెట్టి అడగండి. నా దెబ్బ... ఎవులికీ కొట్టకండి బాబూ."

"ఇన్ని మాటలు నాతో ఒక ఏడాదికి ఆడడు," అంది గవరమ్మ. అప్పుడు ఏడ్చింది.

తెల్లజుట్టాయన లేచి మిషను స్విచ్చి కట్టేశాడు. పచ్చలైటు ఆరిపోయింది. పెట్టెలు అక్కడే ఉంచమని చెప్పాడు. శేషగిరిగారు కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కూడా పొద్దున్నే ప్లేటు ఎక్కేవాడని తర్వాత తెలిసింది.

*

నాలుగు నెలలు మంచం మీదున్నాను. నడుముకి పట్టీ వేశారు. డాక్టరమ్మ ఆదివారాల్లో వచ్చేది. నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించమనేది. చూపించేవాణ్ణి.

ఎండలు మొదలయ్యాక తవుడు నన్ను లేపి గుమ్మం ముందు నిలబెట్టాడు. కర్ర తెచ్చి నా పక్కన పెట్టాడు. కర్ర చివర నా ముక్కు దగ్గరుంది.

వాడు గెడ్డం దగ్గర మసిబొగ్గుతో గీత గీశాడు. అరుగు మీద కూర్చుని రంపంతో కోశాడు. కోసిన ముక్క నా చేతిలో పెట్టాడు. బెత్తెడు ముక్క.

"అంతా నా కాల్లలోనే ఉందిరా," అన్నాను.

వాడు నవ్వబోయి మానేశాడు. కర్ర నా చేతికిచ్చాడు. గెడ్డం ఆనించాను. సరిపోయింది. దూరంగా మంద కదులుతోంది.

"నొప్పిగా ఉందా అయ్యా?"

"ఉంది," అన్నాను. "ఇక్కడ."

వాడు నా వెనక్కి వచ్చి, అరచెయ్యి అక్కడ ఆనించి నిలబడ్డాడు.